నిమిషాల లెక్క బిల్లు మీద కనపడాలి

సంపాదకులకు నమస్కారం.

మా అక్క కొడుకు దుబాయిలో పని చేస్తాడు. అక్కడ వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది గానీ కాల్ పోదు. అందుకని వాడు పదిహేను దిర్హాముల కాలింగ్ కార్డు కొనుక్కుని వాళ్లమ్మతో మాట్లాడుతుంటాడు. పోయిన నెల అక్క మా ఇంటికి వచ్చి, "తమ్మీ, కార్డు మీద పదమూడు నిమిషాలని ఉన్నదట, పిల్లగాడు గట్టిగ ఎనిమిది నిమిషాలు గూడ మాట్లాడలే, పైసలన్నీ అయిపోయినయ్, నువ్వు ఈ ఫోన్ బిల్లుల పనే చేస్తవు గదా, ఏందో జర చూడు" అన్నది. కార్డు ముందూ వెనకా ఫొటో తీసి పంపమని పిల్లవాడికి చెప్పాను. చూస్తే విషయం ఐదు నిమిషాల్లో తెలిసిపోయింది, కానీ ఆ రోజు నుంచి మనసులో తొలుస్తూనే ఉంది, అందుకే ఈ ఉత్తరం.

కార్డు వెనక సన్న అక్షరాల్లో ఉన్నది ఇదీ. మొదటి నిమిషానికి మూడు దిర్హాములు, తర్వాత ప్రతి నిమిషానికి ఒక దిర్హాము. ఎక్కడా ఆగకుండా ఒకే కాల్ మాట్లాడితే మొదటి నిమిషం మూడు, మిగతా పన్నెండు దిర్హాములకు పన్నెండు నిమిషాలు, మొత్తం పదమూడు. ముందు వైపు పెద్ద అక్షరాల్లో వేసింది ఆ పదమూడే. కానీ మనవాళ్ల కాల్ ఏనాడు ఒక్క ధాటిగా సాగింది? ఆ రోజు లైను రెండుసార్లు కట్ అయింది, వాడు మూడుసార్లు చేశాడు. మొదటిసారి 2 నిమిషాల 10 సెకన్లు, రెండోసారి 2 నిమిషాల 20 సెకన్లు మాట్లాడాడు. రెండూ మూడేసి నిమిషాల కింద లెక్క పడ్డాయి, ఎందుకంటే సెకన్లు ఎన్ని ఉన్నా పూర్తి నిమిషం కిందే వేస్తారు. ప్రతిసారీ మొదటి నిమిషం మళ్లీ మూడు దిర్హాములే, అంటే కాల్‌కు ఐదేసి. మిగిలిన ఐదుకు మూడోసారి సరిగ్గా మూడు నిమిషాలు వచ్చి కార్డు అయిపోయింది. మొత్తం మాట్లాడింది ఏడున్నర నిమిషాలు.

లెక్క తప్పు అనలేను, రాసే ఉంది కాబట్టి. కానీ శ్లాబు, అంటే ఇన్ని నిమిషాల దాకా ఇంత రేటు అన్న గీత, కాల్ కాల్‌కూ మొదటికి వస్తుందన్న ముక్క మాత్రం కార్డు మీద ఏ మూలా లేదు. పిల్లవాడికి అర్థం కావాల్సింది ఆ ఒక్క ముక్కే.

నేనెవరో చెప్పాలి కదా. 1992లో జగిత్యాలలో ఎస్టీడీ బూత్, అంటే దూరపు ఊళ్లకు డబ్బు కట్టి ఫోన్ చేసుకునే చోటు, పెట్టాను. భీవండిలో మగ్గాల మీద పని చేసే వాళ్ల ఇంటివాళ్లు, బొంబాయి, సూరత్ పోయిన వాళ్ల తల్లిదండ్రులు, దుబాయి, మస్కట్ పోయిన వాళ్ల భార్యలు, వీళ్లే నా గిరాకీ. ఆ కాలం చూసిన వాళ్లకు ఎర్ర అంకెల మీటరు గుర్తుండే ఉంటుంది. ఎస్టీడీ లెక్క ఎలా నడిచేదో ఇప్పటి పిల్లలకు తెలీదు. అప్పట్లో నిమిషానికి ఇంత అని రేటు ఉండేది కాదు, యూనిట్‌కు ఒకటే ధర, మారేది పల్స్ వేగం. ఎక్స్‌ఛేంజీ నుంచి లైను మీద పల్స్ వచ్చేది, పల్స్ వచ్చినప్పుడల్లా మీటరులో ఒక యూనిట్ పెరిగేది. దూరాన్ని కిలోమీటర్ల లెక్కన శ్లాబులుగా కోశారు, దూరం పెరిగేకొద్దీ పల్స్ తొందర తొందరగా వచ్చేది, వెయ్యి కిలోమీటర్లు దాటిన ఊరికి పగలు చేస్తే మీటరు ఉరికేది. రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ. ఆ పదకొండు కోసం బూత్ ముందు అరుగు మీద చలికాలంలో కూడా చద్దర్లు కప్పుకుని జనం కూర్చునేవారు, గడియారం పదకొండు కొట్టేదాకా ఎవరూ ఫోన్ ముట్టేవారు కాదు. చదువు రాని ముసలమ్మకు కూడా ఏ గంటకు ఎంత పడుతుందో తెలుసు. అమెరికాకైతే నిమిషం అరవై రూపాయలకు పైనే ఉండేది, వాళ్లు మాట్లాడాల్సిన మాటలన్నీ ముందే కాగితం మీద రాసుకుని వచ్చేవారు. చార్జీ ఎక్కువని తిట్టుకున్న వాళ్లున్నారు గానీ లెక్క అర్థం కాలేదన్న మాట నేను వినలేదు, మీటరు వాళ్ల కళ్ల ముందే తిరిగేది కాబట్టి.

2003 మేలో సెల్‌ఫోన్‌కు ఇన్‌కమింగ్ ఉచితం అయింది, 2006 మార్చిలో బీఎస్ఎన్ఎల్ నిమిషం రూపాయికే దేశమంతా అన్నది, బూత్ పని అయిపోయింది. నేను హైదరాబాద్ వచ్చి లాడ్జీలు, ఆసుపత్రులు, హాస్టళ్లలో ఈపీఏబీఎక్స్ మిషన్లకు (బయటి లైన్లను గదుల ఫోన్లన్నిటికీ పంచేవి) కాల్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టే పని నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంటర్‌నెట్ లైన్ల మీద నడిచే ఫోన్లకు అదే పని చేస్తున్నాను. సాఫ్ట్‌వేర్‌లు చాలా మారాయి, గొడవలు మాత్రం అవే.

అన్నిటికన్నా పెద్ద గొడవ శ్లాబుది. ఓనరు వచ్చి "మొదటి మూడు నిమిషాలు ఇరవై చొప్పున, ఆపైన పదిహేను చొప్పున పెట్టు" అంటాడు. ఆ మాటకు రెండు అర్థాలు. మూడు దాటిన నిమిషాలకు మాత్రమే పదిహేనా, మూడు దాటితే మొత్తం కాల్ పదిహేను రేటుకు మారుతుందా? చాలా సాఫ్ట్‌వేర్‌లలో రెండూ చేయొచ్చు, సెట్టింగుల్లో ఎక్కడో ఒక టిక్కు మీద ఆధారపడి ఉంటుంది. మొదటి పద్ధతిలో నాలుగు నిమిషాల కాల్‌కు 60 ప్లస్ 15, మొత్తం 75 రూపాయలు. రెండో పద్ధతిలో నాలుగు పదిహేనులు 60. అంటే మూడు నిమిషాలకూ అరవయ్యే, నాలుగు నిమిషాలకూ అరవయ్యే. ఆసుపత్రుల దగ్గర ఒక లాడ్జీలో ఇలాగే ఏడాదిన్నర నడిచింది, ఓనరు తన డబ్బు పోతున్నా గమనించలేదు. చివరికి పట్టింది ఎవరంటే వైద్యానికి ఒమన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయనే కౌంటర్ దగ్గరికి పోయి నాకు తక్కువ వేశారేమో చూడండి అన్నాడట.

అది ఓనరుకు నష్టం, ఆయన తట్టుకున్నాడు. రేటు పెరిగే శ్లాబు అయితే దెబ్బ తగిలేది మామూలు మనిషికి. చాలా ఏళ్ల కిందట ఒక ప్రైవేటు ఆసుపత్రి నర్సుల హాస్టల్‌లో నెలకు వంద నిమిషాల దాకా రూపాయి చొప్పున, వంద దాటితే రెండు రూపాయల చొప్పున అని బోర్డు పెట్టారు. ఒక అమ్మాయికి ఆ నెల 101 నిమిషాలు అయ్యాయి. బిల్లు 202 రూపాయలు వచ్చింది. బోర్డు చదివిన ఎవరైనా 102 అనుకుంటారు. ఆ పిల్ల అడిగితే వార్డెన్ "కంప్యూటర్ వేసిన బిల్లు తప్పు పోదు" అని కసిరి పంపింది, జీతంలోంచి కోశారు. సాఫ్ట్‌వేర్ పెట్టింది నేను కాదు, వేరే రిపేరుకు పోయినప్పుడు ఆ పిల్ల చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది, "అన్నా, వంద రూపాయల కోసం కాదు, ఎట్ల వేసిన్రో చెప్తే చాలు" అన్నది. టిక్కు తీసి మళ్లీ లెక్క వేయిస్తే ఆ ఒక్క నెలలోనే ఎందరికో ఎక్కువ పడింది. ఆ పిల్ల అన్న మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఈ రెండు పద్ధతులూ మన ఇళ్లలో ఉన్నవే. తెలంగాణలో 2022 నుంచి ఉన్న కరెంటు రేట్లే తీసుకోండి. నెలకు 100 యూనిట్లలోపు వాడితే మొదటి 50 యూనిట్లు 1.95 చొప్పున, తర్వాతి 50 యూనిట్లు 3.10 చొప్పున, కరెంటు చార్జీ మొత్తం 252.50. ఒక్క యూనిట్ ఎక్కువై 101 అయిందనుకోండి, కేటగిరీయే మారిపోతుంది, మొదటి వంద యూనిట్లకూ 3.40 పడుతుంది, ఆ ఒక్క యూనిట్‌కు 4.80, మొత్తం 344.80. ఒక్క యూనిట్‌కు 92 రూపాయలు పెరిగింది. ఇది మంచిదా కాదా అన్న వాదన వేరే, కానీ కరెంటు శ్లాబు మారితే మొత్తం బిల్లు మారుతుందని జనానికి తెలిసింది, నెలాఖరున మీటరు చూసుకుని ఫ్యాను బంద్ చేసే ఇళ్లు నాకు తెలుసు. ఫోన్ లెక్క దగ్గర ఆ ఎరుక లేదు, ఎవరూ చెప్పరు, బిల్లులో చివరి అంకె ఒక్కటే ఉంటుంది.

ఇంకో చిక్కు, నెలవారీ శ్లాబులో కాల్ మధ్యలో గీత దాటడం. అప్పటికి 98 నిమిషాలు అయ్యాయి, ఇప్పుడు ఐదు నిమిషాలు మాట్లాడారు. న్యాయంగా రెండు నిమిషాలు పాత రేటుకు, మూడు కొత్త రేటుకు పడాలి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు కాల్ మొదలైనప్పటి రేటే చివరిదాకా వేస్తాయి, కొన్ని ఐదు నిమిషాలనూ పై శ్లాబులో పడేస్తాయి. ఏది చేస్తుందో సెట్ చేసేవాడు ముందే చూసుకోవాలి, చూసుకోడు, ఎందుకంటే ఆ రోజు వాడి టెన్షన్ అంతా మిషన్ నుంచి డేటా వస్తుందా లేదా అని.

రాత్రి రేటుది మరో కథ. ఇప్పటి సర్వర్లు చాలావరకు గ్రీన్‌విచ్ టైము మీద నడుస్తాయి, మన టైముకు ఐదున్నర గంటలు వెనక. సాఫ్ట్‌వేర్‌లో రాత్రి 11 నుంచి తక్కువ రేటు అని రాసి, టైము మన దేశానికి మార్చడం మరిచిపోతే ఆ తక్కువ రేటు తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలవుతుంది. ఒకచోట నేనే ఈ పొరపాటు చేశాను, మూడు వారాల తర్వాత గానీ తెలియలేదు. తేడా మొత్తం లెక్క కట్టి తిరిగి ఇప్పించాను. రాత్రిపూట అరుగు మీద కూర్చున్న జనాన్ని చూసినవాణ్ణి అయ్యుండి ఆ గంట విషయంలోనే తప్పు చేశానని చాలా బాధపడ్డాను.

దేశం కోడ్ల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. రేటు పట్టికలో 971 అని యూఏఈకి ఒక రేటు, 9715 అని అక్కడి మొబైల్‌కు ఇంకో రేటు ఉంటాయి, డయల్ చేసిన నంబరుకు ఎక్కువ అంకెలు కలిసే కోడే తీసుకోవాలి. అమెరికా కోడు 1 కదా అని ఒక్క వరుస రాసి ఊరుకుంటే కెనడాతో పాటు కరేబియన్ దీవులు కూడా అందులోనే పడతాయి, జమైకా నంబర్లు ఎక్కువగా 1876తో మొదలవుతాయి, అక్కడికి రేటు చాలా ఎక్కువ. మన పిల్లలు ఎక్కువగా ఉన్నది అమెరికాలో కాబట్టి ఈ వరుసను తొందర తొందరగా రాసేస్తారు.

కాల్ ఎప్పుడు మొదలైనట్టు అన్నది ఇంకా పాత గొడవ. అవతల ఫోన్ ఎత్తగానే ఎక్స్‌ఛేంజీ లైను మీద పోలారిటీ, అంటే ప్లస్ మైనస్‌లు, తిప్పి చెప్తుంది, మిషన్ దాన్ని పట్టుకుని అప్పట్నుంచి లెక్క మొదలుపెట్టాలి. ఆ సదుపాయం తీసుకోని లైన్ల మీద సాఫ్ట్‌వేర్ అంచనా వేసేది, నంబరు నొక్కిన ఇన్ని సెకన్లకు ఎత్తి ఉంటారులే అని. అవతల ఎవరూ ఎత్తకపోయినా ఒక నిమిషం బిల్లు పడిందని లాడ్జీలలో జనం తగువు పడ్డది అందుకే, వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఇంటర్‌నెట్ లైన్లలో ఎత్తిన క్షణం రికార్డవుతుంది, అయినా కొన్ని చోట్ల రింగ్ అయిన సమయం కూడా కలిపిన నిడివినే బిల్లుకు తీసుకుంటున్నారు, ఎందుకంటే రికార్డులో రెండు నిడివులూ పక్కపక్కనే ఉంటాయి, తప్పుది పట్టుకుంటారు.

పైసలు సర్దడం చిన్న విషయంలా కనిపిస్తుంది. నిమిషానికి 75 పైసలు, నెలలో ముప్పై ఒక్కొక్క నిమిషం కాల్స్. చివర్లో ఒకేసారి లెక్క వేస్తే 22.50. ప్రతి కాల్‌నూ పై రూపాయికి సర్దుకుంటూ పోతే 30 రూపాయలు. ఏడున్నర రూపాయలే కదా అంటారు, రెండు వందల మంది ఉన్న హాస్టల్‌లో నెలకు పదిహేను వందలు.

ఇదంతా సాఫ్ట్‌వేర్ కష్టం అనుకోవద్దు. నేను ఇప్పుడు ఎక్కడ శ్లాబు పెట్టినా ముందు ఓనరుతో కూర్చుని నాలుగు కాల్స్‌కు బిల్లు చేత్తో వేయిస్తాను, 59 సెకన్లకు ఎంత, 61 సెకన్లకు ఎంత, సరిగ్గా 180 సెకన్లకు ఎంత, 181కి ఎంత అని. వాళ్లు కాగితం మీద రాసి సంతకం పెట్టాకే కంప్యూటర్ ముట్టుకుంటాను. తర్వాత అవే నాలుగు కాల్స్ నిజంగా చేసి బిల్లు చూస్తాం. సగం మంది ఓనర్లు 181 దగ్గర ఆగి ఆలోచనలో పడతారు, వాళ్లకు కూడా అప్పటిదాకా తెలియదన్నమాట. గంట పని. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన తమ్ముళ్లు ఈ గంట ఆదా చేద్దామని చూడొద్దు, దాని తర్వాత వచ్చే తగువులకు నెలలు పోతాయి.

ఇప్పుడు ఎవరి ఫోన్‌లో చూసినా అన్‌లిమిటెడే, నిమిషాల లెక్క ఎవరికి కావాలి అని మీ పాఠకుల్లో కొందరు అనుకోవచ్చు. 2021 జనవరి నుంచి ఒక నెట్‌వర్క్ మొబైల్ నుంచి ఇంకో నెట్‌వర్క్ మొబైల్‌కు పోయే కాల్స్‌పై కంపెనీల మధ్య చార్జీ కూడా పోయింది, నిజమే. డేటా అక్కర్లేని వాళ్ల కోసం ఉత్త కాల్స్, మెసేజ్‌ల ప్యాకు ఇవ్వాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పింది కూడా. కానీ విదేశాల కాల్స్ ఇంకా నిమిషం మీదే ఉన్నాయి. కస్టమర్ల కాల్స్ కోసం నంబరు తీసుకున్న చిన్న చిన్న షాపులు, క్లినిక్‌లు, కోచింగ్ సెంటర్లు ఇంటర్‌నెట్ మీద ఫోన్ లైను నడిపే క్లౌడ్ ఫోన్ కంపెనీలకు నిమిషానికో, అర నిమిషం పల్స్‌కో కడుతున్నాయి, అందులోనూ ఎక్కువ నిమిషాలకు తక్కువ రేటు అని శ్లాబులున్నాయి. నిజామాబాద్, సిరిసిల్ల, జగిత్యాల, కడప, కోనసీమ నుంచి గల్ఫ్‌కు పోయిన వాళ్లు ఎన్ని ఇళ్లలో ఉన్నారో మీకు తెలుసు, వాళ్లకు నిమిషం అంటే ఇప్పటికీ డబ్బే.

పెద్ద టెలికాం కంపెనీల మీద కొంత కాపలా ఉంది. మీటరింగ్, బిల్లింగ్ కచ్చితత్వం మీద ట్రాయ్ 2006లోనే నియమావళి తెచ్చింది, 2023లో దాని స్థానంలో కొత్తది తెచ్చింది, వాళ్ల బిల్లింగ్ వ్యవస్థలను ఆడిటర్లు పరీక్షించాలి. మా లాంటి వాళ్లం లాడ్జీల్లో, హాస్టళ్లలో పెట్టే సాఫ్ట్‌వేర్‌ను చూసేందుకు అలా ఎవరూ రారు. గల్ఫ్‌లో అమ్మే కార్డుల సంగతి ఆ దేశాల చేతిలో ఉంది.

అందుకని నేను అడిగేది పెద్ద చట్టమేమీ కాదు. శ్లాబు రేటుతో బిల్లు ఇచ్చే ప్రతి చోటా, బిల్లు మీద ఏ శ్లాబులో ఎన్ని నిమిషాలు, ఏ రేటు అన్నది వరుసకు వరుస అచ్చు కావాలి. శ్లాబు కాల్‌కా నెలకా, దాటిన నిమిషాలకా మొత్తానికా, సెకన్లను ఎలా సర్దుతారు అన్నవి కింద తెలుగులో ఒక వాక్యం రాయాలి. నేను వాడిన సాఫ్ట్‌వేర్‌లు అన్నిటిలో ఈ అచ్చు వేసే వీలుంది, చాలా చోట్ల కాగితం ఆదా అని ఆపేస్తారు. లాడ్జీలు, హాస్టళ్ల సంఘాల వాళ్లు మీ పత్రిక చదువుతారు కాబట్టి వాళ్లకు ఈ మాట చేరుతుందని నా ఆశ. మీరు వీలు చూసుకుని కాల్ చార్జీల బిల్లు ఎలా చదవాలో ఒక చిన్న బాక్సు వేస్తే గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఫోన్‌లో చూసుకుంటారు, ఇక్కడి వాళ్లు కత్తిరించి దాచుకుంటారు.

మా అక్క కొడుకుకు నేను చెప్పింది ఒకటే. లైను బాగుండే చోట నిలబడి ఒకే కాల్‌లో మాట్లాడు, కట్ అయితే వెంటనే మళ్లీ చేయకు, మెసేజ్ పెట్టు, అత్యవసరమైతేనే చెయ్యి అని. వాడు సరే అన్నాడు. మా అక్క మాత్రం "మధ్యల కట్టయితే నాకు నిద్ర పట్టదు తమ్మీ, చేస్తేనే మంచిగుంటది" అన్నది.

ఇట్లు,
పాత ఎస్టీడీ బూత్ యజమాని, జగిత్యాల